ఒకే సాక్షి, మూడు తీర్పులు: క్రిస్టీన్ కీలర్ కథను చెప్పినవారు

1963లో లండన్‌లోని ఓల్డ్ బెయిలీ న్యాయస్థానం ఒకే యువతి మాటను ఆరు నెలల వ్యవధిలో మూడు విధాలుగా తూచింది. జూన్‌లో ఆమె సాక్ష్యాన్ని నమ్మి లకీ గార్డన్ అనే జమైకా దేశపు గాయకుడికి మూడేళ్ళ జైలుశిక్ష వేసింది. జూలైలో ఆమెను ముఖ్యసాక్షిగా బోనెక్కించి స్టీఫెన్ వార్డ్ అనే ఆస్టియోపాత్‌ను దోషిగా తేల్చింది. డిసెంబరులో, జూన్‌లో ఆమె చెప్పినది అబద్ధమని నిర్ధారించి ఆమెనే తొమ్మిది నెలల పాటు జైలుకు పంపింది. ఆ యువతి పేరు క్రిస్టీన్ కీలర్. అప్పటికి ఆమె వయసు ఇరవైయొక్క సంవత్సరాలు.

చరిత్ర పుస్తకాలు దీనిని ‘ప్రొఫ్యూమో వ్యవహారం’ అంటాయి. బ్రిటిష్ యుద్ధశాఖ మంత్రి జాన్ ప్రొఫ్యూమోకు సోహో ప్రాంతపు నైట్‌క్లబ్బు యువతితో సంబంధం ఉండటం, అదే యువతికి సోవియట్ నౌకాదళ అధికారి యెవ్‌గెనీ ఇవనోవ్‌తోనూ పరిచయం ఉండటం, మంత్రి పార్లమెంటులో అబద్ధమాడి పదవి పోగొట్టుకోవడం, మెక్‌మిలన్ ప్రభుత్వ ప్రతిష్ఠ కుంగిపోవడం: కథాసారం ఇది. దీనిని న్యాయమూర్తులు, పత్రికలు, ఫోటోగ్రాఫర్లు, సినిమావారు, చివరకు కీలర్ కూడా అనేకసార్లు చెప్పారు. ఇన్ని కథనాలలోనూ తేలని ప్రశ్న ఒకటి ఉంది: ఆమె మాటకు విలువ ఎంత? ఆ విలువను నిర్ణయించినవారు నిజాన్ని బట్టి నిర్ణయించారా, అవసరాన్ని బట్టి నిర్ణయించారా? ఈ కథనాలను వరుసగా పరిశీలిస్తే రెండోదే ఎక్కువగా కనిపిస్తుంది.

నివేదికలో లేని పూర్వచరిత్ర

వైద్యంలో రోగిని పరీక్షించే ముందు పూర్వచరిత్ర రాసుకోవడం మొదటి పాఠం. ఇప్పటి బాధ ఒక్కటే రాసుకుని, వెనకటి సంగతులు వదిలేస్తే రోగనిర్ధారణ దారి తప్పుతుంది. ఈ వ్యవహారంపై విచారణ జరిపిన లార్డ్ డెనింగ్ నివేదికలో కీలర్ పరిచయం ఆమె పదహారో ఏట ఇల్లు విడిచి లండన్ చేరడంతో మొదలవుతుంది. రెండు మూడు వాక్యాలలోనే ఆమె మరేస్ కాబరే క్లబ్బులో నగ్నంగా నడిచే షోగర్ల్ అయిపోతుంది. ఆ పదహారేళ్ళలో ఏం జరిగిందో నివేదికకు అక్కరలేకపోయింది.

కీలర్ 1942 ఫిబ్రవరి 22న పుట్టింది. తండ్రి చిన్నప్పుడే వదిలి వెళ్ళాడు. తల్లి, మారుతండ్రితో కలిసి బెర్క్‌షైర్‌లోని రేజ్‌బరీ గ్రామంలో, ఇల్లుగా మార్చిన రెండు పాత రైలుపెట్టెల్లో పెరిగింది. తొమ్మిదేళ్ళ వయసులో బడిలో జరిగిన ఆరోగ్యపరీక్షలో పోషకాహార లోపం బయటపడటంతో, ఆమెను సముద్రతీరాన ఉన్న లిటిల్‌హాంప్టన్‌లో ఒక పిల్లల విశ్రాంతి గృహానికి పంపారు. యౌవనంలో అడుగుపెడుతున్న రోజుల్లో మారుతండ్రి తనను లైంగికంగా వేధించాడని ఆమె తరువాత రాసుకుంది. పదిహేనేళ్ళకు చదువు ఆగిపోయింది. పదిహేడేళ్ళకు గర్భవతి అయింది. గర్భాన్ని తానే తొలగించుకోవడానికి చేసిన ప్రయత్నం విఫలమై, 1959 ఏప్రిల్‌లో నెలలు నిండకుండానే మగబిడ్డ పుట్టాడు. ఆరు రోజులు బతికాడు. అప్పటి ఇంగ్లండులో గర్భస్రావం నేరం. షరతులతో దానికి అనుమతినిచ్చిన చట్టం 1967లో గానీ రాలేదు.

ఇదంతా సానుభూతి కోసం చెప్పవలసినది కాదు. ఆ తరువాతి సంఘటనలకు ఇది కారణాలలో ఒకటి. డబ్బు, అండ, చదువు లేని పదిహేడేళ్ళ అమ్మాయికి లండన్‌లో దొరికే పనులు రెండు మూడే. ఆమె బట్టల దుకాణంలో మోడల్‌గా, ఒక రెస్టారెంటులో వెయిట్రెస్‌గా పనిచేసింది. అక్కడి పరిచయంతో మరేస్ క్లబ్బులో చేరింది. బీక్ స్ట్రీట్‌లోని ఆ క్లబ్బు ధనికులకు, బిరుదాంకితులకు సాయంకాలపు విడిది. వేదిక మీద కనబడటమే కాదు, ప్రదర్శనల మధ్య అతిథుల బల్లల దగ్గర కూర్చుని, వారిని నవ్వించి, మరో సీసా తెప్పించేలా చూడటం కూడా అక్కడి ఆడపిల్లల ఉద్యోగమే. ఎదుటివాడు వినాలనుకున్నదే చెప్పడం ఆ వృత్తికి పునాది. నాలుగేళ్ళ తరువాత న్యాయస్థానంలో ఆమె మాట ఎంత నమ్మదగినదన్న చర్చ జరిగినప్పుడు, ఆ విద్యను ఆమెకు జీతమిచ్చి నేర్పినవారి సంగతి ఎవరూ ఎత్తలేదు.

స్టీఫెన్ వార్డ్ ఆమెకు తారసపడింది ఆ క్లబ్బులోనే. ఎముకలను, కండరాలను చేతులతో సవరించి నొప్పి తగ్గించే ఆస్టియోపతీని అతను అమెరికాలో మిజూరీ రాష్ట్రంలో చదువుకున్నాడు. చిత్రకారుడు కూడా. రాజకుటుంబీకుల ముఖచిత్రాలు గీశాడు. పెద్దమనుషుల నడుం నొప్పులు తగ్గించి వారి విందులకు పిలుపు అందుకునే స్థితికి చేరాడు. లార్డ్ ఆస్టర్ తన క్లివ్‌డెన్ ఎస్టేటులో ఒక చిన్న ఇల్లు అతనికి అద్దెకిచ్చాడు. 1961 జూలై 8 సాయంత్రం ఆ ఎస్టేటు ఈతకొలను దగ్గర పందొమ్మిదేళ్ళ కీలర్, నలభయ్యారేళ్ళ ప్రొఫ్యూమో కంటపడింది. ఆ వారాంతపు అతిథులలో పాకిస్తాన్ అధ్యక్షుడు అయూబ్ ఖాన్ కూడా ఉన్నాడు. కొలనుకు ఒక పక్క రాజ్యాధినేతలు, మరో పక్క అద్దె ఇంట్లో దిగిన ఆడపిల్లలు. ఆ రెండిటి మధ్య దూరం మంత్రికి ఒక్క సాయంత్రంలో దాటగలిగినదే. ఆమె మాత్రం జీవితకాలంలో దాటలేకపోయింది.

అవసరమైనంత వరకే నిజం

సంబంధం కొద్దికాలంలోనే ముగిసింది. దానిని బజారుకెక్కించినవి రాజకీయాలు కావు, తుపాకీ గుళ్ళు. కీలర్ కోసం గార్డన్‌కూ, జానీ ఎడ్జ్‌కూంబ్ అనే మరో కరీబియన్ యువకుడికీ మధ్య మొదలైన వైరం, 1962 డిసెంబరు 14న వింపోల్ మ్యూస్‌లోని వార్డ్ ఇంటిమీద ఎడ్జ్‌కూంబ్ కాల్పులు జరిపే దాకా వెళ్ళింది. పోలీసులు, వారి వెనక విలేఖరులు వచ్చారు. 1963 మార్చి 22న ప్రొఫ్యూమో కామన్స్ సభలో తమ పరిచయంలో అనుచితమైనదేదీ లేదని ప్రకటించాడు. జూన్ మొదటి వారంలో అది అబద్ధమని ఒప్పుకుని రాజీనామా చేశాడు. అదే వారంలో ఓల్డ్ బెయిలీలో గార్డన్ కీలర్‌ను కొట్టాడన్న కేసు నడుస్తోంది.

గార్డన్ తన కేసు తానే వాదించుకున్నాడు. సంఘటన జరిగినప్పుడు అక్కడ ఇద్దరు మనుషులున్నారని, వారిని పిలిపించమని అడిగాడు. వారు రాలేదు. అసలు అక్కడ ఎవరూ లేరని కీలర్ ప్రమాణం చేసి చెప్పింది. జ్యూరీ ఆమెను నమ్మింది. గార్డన్ అంతకుముందు ఆమెను వెంటాడి హింసించాడని ఆమె జీవితాంతం చెప్పింది. అది నిజమైనా, ఆ రాత్రి గురించి కోర్టుకు చెప్పినది మాత్రం నిజం కాదు. పేదవాడైన ఒక నల్లజాతి వ్యక్తి ఆమె మాట మీద జైలుకు వెళ్ళాడు. కీలర్ పక్షాన రాసేవారు ఈ వాక్యాన్ని దాటవేయకూడదు.

మర్నాడే వార్డ్‌ను అరెస్టు చేశారు. అతని మీద ముఖ్య అభియోగం వేశ్యల సంపాదన మీద బతుకుతున్నాడన్నది. 1956 నాటి లైంగిక నేరాల చట్టంలో ఇక్కడ ఒక మెలిక ఉంది. ఒక పురుషుడు వేశ్యతో కలిసి ఉన్నాడని గానీ, తరచూ ఆమె వెంట తిరుగుతున్నాడని గానీ తేలితే, అతను ఆమె సంపాదన మీద బతుకుతున్నట్టే భావించాలి. కాదని నిరూపించుకునే భారం అతనిదే. కీలర్ వార్డ్ ఇంట్లో ఉన్న మాట అందరికీ తెలిసినదే. కాబట్టి కేసు మొత్తం ఒక్క మాట మీద ఆధారపడింది. ఆమె వేశ్య అయితే వార్డ్ నేరస్థుడయ్యే దారి తెరుచుకుంటుంది. కాకపోతే కేసే లేదు. కీలర్‌కు ‘వేశ్య’ అన్న పేరు ఆమె జీవితాన్ని పరిశీలించి పెట్టినది కాదు. మరొకరిని శిక్షించడానికి చట్టానికి కావలసి వచ్చి పెట్టినది.

విచిత్రమేమిటంటే బోనులో ఆమె చెప్పిన మాటలు వార్డ్‌కు అనుకూలంగానే ఉన్నాయి. తాను అతనికి ఇచ్చినదానికన్నా అతని దగ్గర తీసుకున్నదే ఎక్కువన్నది ఆమె సాక్ష్యం. లెక్క చూస్తే ఎవరు ఎవరి సంపాదన మీద బతికినట్టు? ప్రాసిక్యూషన్ తరఫున వాదించిన మెర్విన్ గ్రిఫిత్-జోన్స్ 1960లో ‘లేడీ చాటర్లీస్ లవర్’ నవల మీద అశ్లీలత కేసు వాదించి ఓడిపోయిన న్యాయవాదే. నవల దగ్గర గెలవని నీతివాదం మనుషుల దగ్గర గెలిచింది. ప్రొఫ్యూమోను గాని, ఆస్టర్‌ను గాని ఎవరూ సాక్ష్యానికి పిలవలేదు. వార్డ్ చేత నడుం పట్టించుకున్న పెద్దమనుషులెవరూ ఆ దరిదాపులకు రాలేదు.

జూలై 30న, ఆ విచారణ ఇంకా సాగుతుండగానే, అప్పీలు కోర్టు గార్డన్ శిక్షను రద్దు చేసింది. అతను పిలిపించమన్న ఇద్దరి వాఙ్మూలాలు అప్పటికి న్యాయమూర్తుల ముందున్నాయి. వాటిలో ఏముందో బహిరంగంగా చదవలేదు. కీలర్ అబద్ధమాడిందని తాము తేల్చడం లేదన్నారు. ఆ జాగ్రత్త ఫలితం వెంటనే కనిపించింది: ముఖ్యసాక్షి మాట మీద అనుమానం పడకుండా వార్డ్ విచారణ ముందుకు సాగింది. ఆ రాత్రే వార్డ్ మోతాదుకు మించి నిద్రమాత్రలు మింగాడు. మర్నాడు అతను స్పృహలేని స్థితిలో ఉండగానే జ్యూరీ రెండు అభియోగాల మీద దోషి అన్నది. ఆగస్టు 3న చనిపోయాడు. ఇక ఆమె మాటను కాపాడవలసిన అవసరం ఎవరికీ లేదు. డిసెంబరులో ఆమె మీద అసత్య ప్రమాణం నేరం వచ్చింది. ఆమె ఒప్పుకుంది. హాలొవే జైలుకు వెళ్ళింది.

జూన్‌లో ఆమె చెప్పినదే డిసెంబరులో నేరమైంది. మధ్యలో మారినది ఆమె మాట కాదు, దానితో ఉన్న పని.

కుర్చీ

న్యాయస్థానాల సంగతి మరచిపోయినవారికి కూడా ఒక ఫోటో గుర్తుంటుంది. వెనక్కు తిప్పిన కుర్చీలో నగ్నంగా కూర్చుని కెమెరా వైపు సూటిగా చూస్తున్న యువతి. 1963 మేలో సోహోలోని గ్రీక్ స్ట్రీట్‌లో లూయిస్ మోర్లీ తీసిన ఫోటో అది. అరవై ఏళ్ళుగా దానిని తెగింపుకు, సిగ్గులేనితనానికి, ఆ దశాబ్దపు స్వేచ్ఛకు గుర్తుగా చూస్తున్నారు.

ఆ ఫోటో పుట్టుక తెలిస్తే చూసే పద్ధతి మారుతుంది. ఆమె జీవితం మీద తలపెట్టిన ఒక సినిమా ప్రచారం కోసం ఫోటోలు తీస్తున్నారు. ఒప్పందం ప్రకారం ఆమె నగ్నంగా నిలబడాలని నిర్మాతలు పట్టుబట్టారు. ఆమెకు ఇష్టం లేదు. మోర్లీ అందరినీ బయటికి పంపి, కుర్చీని వెనక్కు తిప్పి, దాని వీపు ఆమె శరీరానికి అడ్డుగా ఉండేలా కూర్చోమన్నాడు. ఒప్పందం మాట నెగ్గింది, ఆమె ఒళ్ళు దాగింది. లోకం ఆహ్వానంగా చదివిన ఆ భంగిమ నిజానికి నిరాకరణకు దొరికిన మధ్యేమార్గం. ఆ ఫోటో జూన్‌లో ఒక ఆదివారపు పత్రికలో అచ్చయింది.

కుర్చీకి కూడా ఒక కథ ఉంది. డెన్మార్క్ వాస్తుశిల్పి ఆర్నే యాకబ్సన్ రూపొందించిన ప్రసిద్ధమైన నమూనాకు అది చవక నకలు. ఇప్పుడు అది లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉంది. నకలు కుర్చీకి సంగ్రహాలయంలో చోటు దొరికింది. అందులో కూర్చున్న మనిషి ఉద్యోగం దొరకడానికి పేరు మార్చుకోవలసి వచ్చింది.

తెర మీద

1989లో వచ్చిన ‘స్కాండల్’ చిత్రంలో జాన్ హర్ట్ వార్డ్‌గా, జోవాన్ వాలీ కీలర్‌గా నటించారు. దర్శకుడు మైకేల్ కేటన్-జోన్స్. వార్డ్‌ను బలిపశువుగా చేశారన్న వాదాన్ని సామాన్య ప్రేక్షకుల దాకా తీసుకుపోయిన ఘనత దానికి దక్కాలి. హర్ట్ నటన ఆ వాదానికి ప్రాణం పోసింది. అయితే ఈ న్యాయం ఒకరికే అందింది. కథ హృదయం వార్డ్ దగ్గర ఉంటుంది, వార్డ్ మరణంతో ముగుస్తుంది. కీలర్ అతని విషాదానికి కారణంగా, అందమైన నేపథ్యంగా మిగులుతుంది. 2013లో ఆండ్రూ లాయిడ్ వెబర్ చేసిన సంగీతనాటకం ‘స్టీఫెన్ వార్డ్’ పేరులోనే తన దృష్టి ఎటో చెబుతుంది. న్యాయవాది జెఫ్రీ రాబర్ట్‌సన్ అదే ఏడాది వార్డ్ నిర్దోషి అని వాదిస్తూ పుస్తకం రాశాడు. చట్టపరంగా అది గట్టి వాదం. కానీ ఆ శిక్ష ఆమెకు అంటగట్టిన పేరు గురించి ఇంతటి పట్టుదలతో రాసినవారు అరుదు.

2019 డిసెంబరు చివర బీబీసీలో మొదలైన ఆరు భాగాల ధారావాహిక ‘ది ట్రయల్ ఆఫ్ క్రిస్టీన్ కీలర్’ ఈ లోటు తీర్చడానికి పూనుకుంది. రచయిత్రి అమాండా కో కథను కీలర్ కళ్ళతో చెప్పించింది. గార్డన్, ఎడ్జ్‌కూంబ్ అనే ఇద్దరు నల్లజాతి యువకులకు కథలో తగిన చోటిచ్చింది. ఇది చిన్న విషయం కాదు. అంతకుముందు వారు గొడవ రేపి మాయమయ్యే పాత్రలు. అయితే ఈ ధారావాహికలోనూ ఒక ఇబ్బంది ఉంది. ఇందులోని కీలర్‌కు తన పరిస్థితి గురించి ఇప్పటి ప్రేక్షకులకున్నంత అవగాహన అప్పుడప్పుడు కనిపిస్తుంది. అసలు మనిషికి ఆ భాష లేదు. లేకపోవడమే ఆమె విషాదం. బాధితురాలిని నమ్మాలంటే ఆమె ముందే తెలివైనదిగా, నిష్కల్మషంగా కనిపించాలన్న షరతు ఇక్కడ కొంచెం మర్యాదగా తిరిగివచ్చింది.

ఆమె చెప్పుకున్నది

కీలర్ తన కథ తాను చెప్పుకోలేదని అనలేము. 1963లోనే ‘న్యూస్ ఆఫ్ ది వరల్డ్’ పత్రిక ఆమె కథను 23,000 పౌండ్లకు కొన్నది. తరువాత అర్ధశతాబ్దంలో ఆమె పేరుతో ఒకటికి మించి ఆత్మకథలు వచ్చాయి. 2001 నాటి ‘ది ట్రూత్ ఎట్ లాస్ట్’ వాటిలో ఎక్కువ ప్రచారం పొందింది. దాదాపు అన్నీ వేరొకరి కలం సాయంతో రాసినవే. ఒకదానితో మరొకటి పొసగవు. చివరి పుస్తకాలలో వార్డ్ సోవియట్ గూఢచారి అవుతాడు. బ్రిటిష్ గూఢచారి శాఖాధిపతి రోజర్ హోలిస్ కూడా ఆ కుట్రలో చేరతాడు. దీనికి బయటి ఆధారాలు లేవు.

ఈ పుస్తకాలను ఎలా చదవాలన్నది నిజమైన విమర్శ సమస్య. మొత్తం నమ్మడం సాధ్యం కాదు. మొత్తం కొట్టిపారేస్తే 1963 డిసెంబరు తీర్పునే మళ్ళీ ఇచ్చినట్టవుతుంది. హింసకు గురైనవారి కథనంలో వరుస తప్పడం, కొత్త వివరాలు చేరడం వైద్యులకు కొత్త కాదు. ఒక వివరం మారినంత మాత్రాన గాయం అబద్ధం కాదు. అలాగని గాయం ఉన్నంత మాత్రాన ప్రతి మాటా రుజువైనట్టూ కాదు. ఆమె చెప్పినవాటిలో కాగితం తోడున్నవి ఉన్నాయి. ప్రొఫ్యూమో 1961 ఆగస్టు 9న రాసిన ఉత్తరం అటువంటిది. ఆమె ఒక్కతే చెప్పగలిగినవి, చెప్పి లాభపడనివి ఉన్నాయి. బిడ్డ మరణం అటువంటిది. పుస్తకం అమ్ముడుపోవడానికి అక్కరకొచ్చేవీ ఉన్నాయి. గూఢచారుల కథ అటువంటిది. అరవై ఏళ్ళుగా ఆమెను ఒకే రేటు మీద కొన్నారు, లేదా ఒకే మాటతో తిరస్కరించారు. ఈ మూడు రకాలనూ విడదీసి చదివినవారు తక్కువ.

ఆమె అబద్ధానికీ మంత్రి అబద్ధానికీ దక్కిన ఫలితాలను కూడా పక్కపక్కన పెట్టి చూడాలి. ప్రొఫ్యూమో చట్టసభలో అబద్ధమాడాడు. పదవి పోయింది. తూర్పు లండన్‌లోని టోయిన్‌బీ హాల్‌లో పేదల సేవకు దశాబ్దాలు వెచ్చించాడు. 1975లో సీబీఈ గౌరవం దక్కింది. 2006లో చనిపోయినప్పుడు సంస్మరణలన్నీ అతని ప్రాయశ్చిత్తాన్ని మెచ్చుకున్నాయి. ఆ సేవ నిజమైనదే, తక్కువ చేయనక్కరలేదు. కానీ జీతం లేని సేవ చేసి పేరు కడుక్కోవాలంటే ముందు జరుగుబాటు ఉండాలి. కీలర్ స్లోన్ అన్న ఇంటిపేరు పెట్టుకుని, ప్రభుత్వపు అద్దె ఇంట్లో ఉంటూ, బట్టలు ఉతికే దుకాణంలో, బడి భోజనశాలలో పనిచేసింది. ఆమె చేసినది కూడా సేవే, అయితే అది కూలికి. దానిని ప్రాయశ్చిత్తమని ఎవరూ అనలేదు.

తెలుగు పాఠకులకు ఇక్కడ ‘కన్యాశుల్కం’ మధురవాణి గుర్తుకు రావడం సహజం. ఆ నాటకంలోనూ కోర్టు ఉంది, కట్టుకథల సాక్ష్యాలున్నాయి, నీతివాది అయిన వకీలున్నాడు. కానీ గురజాడ మధురవాణిని సౌజన్యారావు పంతులు ఇంటికి పంపి, ఆయన ముందు నిజం చెప్పించి, ఆయన నీతిని ఆమె చేత ప్రశ్నింపజేశాడు. ఆ సంభాషణలో ఇద్దరూ సమానులు. కీలర్‌ను ప్రశ్నించినవారిలో ఆమె ప్రశ్నకు జవాబు చెప్పవలసిన స్థితిలో నిలబడినవారు ఒక్కరూ లేరు. డెనింగ్ విచారణ రహస్యంగా, ప్రమాణాలు లేకుండా, ఎదురు ప్రశ్నలు లేకుండా జరిగింది. అడిగినవాడు, నమ్మదగినదేదో తేల్చినవాడు, రాసినవాడు ఆయన ఒక్కడే. సెప్టెంబరులో ఆ నివేదిక వెలువడిన రాత్రి జనం బారులు తీరి కొన్నారు. ప్రతులు లక్షకు పైగా అమ్ముడుపోయాయి.

కీలర్ 2017 డిసెంబరు 4న, డెబ్భయ్యయిదేళ్ళ వయసులో, ఊపిరితిత్తుల వ్యాధితో మరణించింది. అసత్య ప్రమాణం శిక్షకు మరణానంతర క్షమాభిక్ష కోరుతూ ఆమె కుమారుడు ప్రయత్నం మొదలుపెట్టాడు. అందులో న్యాయం ఉంది. అయితే క్షమాభిక్ష అన్నది ఆమె గార్డన్‌కు చేసిన అన్యాయం జరగలేదని చెప్పేది కాకూడదు. ఆమె అబద్ధమాడింది. ఆ అబద్ధం అప్పీలు కోర్టు ముందున్న కాగితాలలో జూలైలోనే ఉంది. దానిని చదివినవారు వార్డ్ కేసు ముగిసేదాకా నోరు విప్పలేదు. శిక్ష మాత్రం ఆమెకు పడింది. ఆమె కథను ఇకమీదట చెప్పేవారు ఈ మూడు వాక్యాలనూ కలిపి చెప్పాలి. కథను ఈతకొలను దగ్గర కాక, తొమ్మిదేళ్ళ పిల్లను ఆకలితో లిటిల్‌హాంప్టన్ పంపిన రోజు దగ్గర మొదలుపెట్టాలి.